నూకలతో చేసిన పండగలు

మా ఇంట్లో పండక్కని వేరే సరుకులు వచ్చేవి కావు. అటక కింది అరలో ఏడాది పొడుగునా ఏముండేవో అవే ఉండేవి. కుండల్లో బియ్యం, పాత డబ్బాలో నూకలు, మినుములు, పెసలు, కందిపప్పు, గింజ తీసి ఉప్పేసి ముద్దలుగా దాచిన చింతపండు, తాటాకు బుట్టలో బెల్లం, ఒక జాడీ ఆవకాయ, ఒక జాడీ మాగాయ. పెరట్లో నాలుగు కొబ్బరిచెట్లు, కంద, బచ్చలి తీగ, కరివేపాకు, ములగచెట్టు. 1980ల నాటి కోనసీమలో ఒక కౌలు రైతు ఇల్లు మాది. మామూలు మంగళవారం మధ్యాహ్నం తిన్నదీ, సంక్రాంతి నాడు విస్తట్లో పడిందీ ఆ అరలోంచే వచ్చేవి. తక్కువ డబ్బుతో కడుపు నింపే వంట ఒకటి, ఘనంగా చేసుకునే పండగ వంట మరొకటి అని రెండున్నాయని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఉన్నది ఒకటే వంట. పండగ రోజున దాని మీద ఎక్కువ చేతులు పడేవి, అంతే తేడా.

మా పొద్దు చద్దన్నంతో మొదలయ్యేది. రాత్రి మిగిలిన అన్నంలో గంజీ కాసిని మజ్జిగా పోసి అమ్మ మట్టికుండలో ఉంచేది. తెల్లారేసరికి సన్నగా పులిసేది. ఉప్పు వేసి పిసికి, ఉల్లిపాయ చితక్కొట్టి, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తినేవాళ్ళం. మాగాయ ముక్క దొరికిన రోజున ఇంకేం అడిగేవాళ్ళం కాదు. ఎండాకాలం వస్తే వంటింటి చల్లటి మూలకి తరవాణి కుండ వచ్చి చేరేది. రోజూ వార్చిన గంజి అందులో పోస్తూ, పైపైన తేటని వంచుకుంటూ ఉండేవాళ్ళు. దబ్బాకు రెండు తుంపి వేస్తే ఆ పులుపుకి ఒక వాసన వచ్చేది. పొలం నుంచి ఎండన పడి వచ్చిన నాన్న ముందు ఒక చెంబుడు తరవాణి తాగి, ఆ తర్వాతే మాట్లాడేవాడు. గంజి పారబోయడం మా నాన్నమ్మ దృష్టిలో తప్పు. మనుషులు తాగగా మిగిలింది నూలు చీరలకి, పంచెలకి. అదీ పోగా మిగిలింది కుడితిలోకి.

ఈ చద్దన్నమే ఏడాదికొకసారి నోముకెక్కేది. ఆశ్వయుజ బహుళ తదియ అట్లతద్దె. ఇంకా చీకటి ఉండగానే ఆడపిల్లలందర్నీ లేపి కూర్చోబెట్టి, రాత్రి వండి ఉంచిన అన్నం పెట్టేవాళ్ళు. గోంగూర పచ్చడి, ఉల్లిపాయ పులుసు, గట్టి పెరుగు. అన్నీ మాకు రోజూ తెలిసినవే. అయినా తెల్లవారుజామున, దీపం వెలుగులో, మేనత్త చేత్తో ముద్దలు పెడుతుంటే, వీధిలో అప్పటికే లేచిన పిల్లలు పేర్లు పెట్టి పిలుస్తుంటే, ఆ అన్నానికి వేరే రుచి వచ్చేది. తిని వెళ్ళి ఉయ్యాలలూగేవాళ్ళం. పగలంతా పెద్దాడపిల్లలు ఉపవాసం. చంద్రుణ్ణి చూశాక గౌరమ్మకి అట్లు నైవేద్యం, ముత్తయిదువలకి పదకొండేసి అట్లు వాయనం. బియ్యం, మినప్పప్పు, రుబ్బురోలు, పెనం. కొనాల్సిందేమీ లేదు. ఆ రుబ్బురోలు ముందు మధ్యాహ్నమంతా కూర్చున్న అమ్మ నడుం మాత్రం ఉంది.

మధ్యాహ్నం పూట మమ్మల్ని గట్టెక్కించింది పులుసు. ఒక సొరకాయ ముక్క, నిమ్మకాయంత చింతపండు ఉంటే ఇంటిల్లిపాదికీ సరిపోయే పులుసు తయారు. కాసిని మెంతులు, ఎండుమిరపకాయలు, చివర్లో చెంచాడు బియ్యప్పిండి నీళ్ళలో కలిపి పోస్తే చిక్కబడేది. చిన్న బెల్లం ముక్క తప్పనిసరి, గోదావరి వాళ్ళం కదా. తోటకూరైతే తోటకూర పులుసు, బెండకాయలైతే బెండకాయ పులుసు, ఏమీ లేకపోతే ఉల్లిపాయ పులుసు. దానికి తోడు ముద్దపప్పో, కందిపొడో. కందిపొడి సీసా అమ్మకి పెద్ద ధైర్యం. చెప్పకుండా చుట్టాలొస్తే అన్నం ఉడికేలోపు అది బయటికొచ్చేది, నాలుగు చుక్కల నెయ్యితో పరువు నిలిపేది.

వేసవి మొదట్లో చింతచిగురు వచ్చేది. పిల్లలం కొమ్మలు వంచి, లేతాకు దూసి ఒళ్ళో పోసుకొచ్చేవాళ్ళం. అమ్మ దాన్ని అరచేతుల మధ్య నలిపి, ఈనెలు ఏరి, పప్పులో వేసేది. సముద్రం వైపు నుంచి ఎండుచేపల బుట్టలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు వచ్చిన రోజున అదే చిగురు ఎండురొయ్యలతో కూరయ్యేది. శేరు నూకలిస్తే దోసెడు ఎండురొయ్యలు కొలిచి పోసేవాళ్ళు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మా వైపు పొలాలకి ప్రాణం పోసిన కాలవలే మాకు చేపలు కూడా ఇచ్చేవి. ఎండాకాలం కాలవలు కట్టేస్తే అడుగున మడుగులు మిగిలేవి. చిన్నాన్న, ఆయన జతగాళ్ళు బురదలో దిగి పట్టుకొచ్చిన చిన్న చేపల్ని అమ్మ బూడిదతో తోమి, ఉప్పేసి రాతి మీద రుద్ది కడిగి పులుసు పెట్టేది. ఆ పులుసు రాత్రికంటే మర్నాడు పొద్దున చద్దన్నంలో బాగుంటుందని మా ఇంట్లో ఎవరినడిగినా చెప్పేవారు.

పండగ నాటికి మధ్యాహ్నపు కూరగాయల పులుసే పెద్ద గిన్నెలోకి మారి ముక్కల పులుసయ్యేది. సంక్రాంతి రోజుల్లో గుమ్మడికాయ, చిలగడదుంప, వంకాయ, చిక్కుడుకాయ, ములక్కాడ అన్నీ ఒకేసారి దొరుకుతాయి. గుమ్మడికాయ ఒక్క ఇంటికి ఎక్కువ. అందుకని ఎవరు కాయ కోసినా వీధిలో నాలుగిళ్ళకి ముక్కలు వెళ్ళేవి, వాళ్ళ పెరటి చిక్కుడుకాయలు మనింటికొచ్చేవి. అలా ఏ ఇంట్లోనూ డబ్బు పెట్టి కొనకుండా అందరిళ్ళలోనూ ఏడెనిమిది రకాల ముక్కలతో పులుసు మరిగేది.

అసలు పొయ్యి వెలిగించనక్కర్లేని పండగలు కూడా మన పెద్దవాళ్ళు పెట్టుకున్నారు. శ్రీరామనవమికి నానబెట్టిన పెసరపప్పు వడపప్పు, బెల్లం నీళ్ళలో మిరియాలూ ఏలక్కాయలూ దంచి వేస్తే పానకం, తడిబియ్యప్పిండిలో బెల్లం కొట్టి కలిపితే చలిమిడి. కార్తీకంలో నాగులచవితికి అదే చలిమిడి, దానికి తోడు నువ్వులూ బెల్లమూ దంచిన చిమ్మిలి. ఎంత లేనివాళ్ళయినా ఈ రెండు పండగలూ మానుకోవాల్సిన అవసరం రాదు. శ్రావణమాసం సంగతి ఇంకా బాగుంటుంది. మంగళగౌరీ వ్రతం చేసుకునే కొత్త పెళ్ళికూతురు పిలిచిన చోటికల్లా వెళ్ళి అమ్మ కొంగులో నానిన శనగలు వాయనంగా తెచ్చేది. సాయంత్రానికి అరలో శనగలు గుట్టపడేవి. మర్నాడు వాటిని ఉడికించి, కొబ్బరికోరు, పచ్చిమిర్చి వేసి తాళింపు పెట్టేది. ఆ మర్నాడు వంకాయతో కలిపి కూర. ఇంకా మిగిలితే ఎండబెట్టి దాచేది. పేరంటం పుణ్యమా అని ఆ నెలంతా పిల్లలమైన మాకు బలమైన తిండి దొరికేది. నోముల పేరు మీద ఒకింటి శనగలు పదిళ్ళకి చేరే ఆ ఏర్పాటు ఎవరు ఆలోచించారో గాని, పిల్లల ఆకలి తెలిసినవాళ్ళే అయ్యుండాలి.

ఇక నూకల దగ్గరికి వస్తాను. ధాన్యంలో ఎక్కువ భాగం కౌలు కిందా, ఎరువుల అప్పు కిందా కళ్ళంలోనే పోయేది. తిండికని ఉంచుకున్నది మిల్లులో ఆడిస్తే బియ్యం, నూకలు, తవుడు ఇంటికొచ్చేవి. ఊక కావాలంటే బస్తాలకెత్తి తెచ్చుకునేవాళ్ళం, ఊక పొయ్యిలోకి. తవుడు గేదెకి. బియ్యంలోనూ కొంత అవసరానికి అమ్మాల్సి వచ్చేది. నూకలకి పెద్ద ధర పలకదు కనుక అవి మాత్రం పూర్తిగా మావే. అమ్మ వాటిని జల్లించి రెండు చేసేది. లావువి జావకి, సన్నవి రవ్వకి. జ్వరం తగిలినవాళ్ళకి నూకల జావ, నిమ్మకాయ బద్ద. శనివారం ఒంటిపూట ఉండే నాన్నమ్మకి రాత్రి ఉప్పుడుపిండి.

ఉప్పుడుపిండి చేసే పద్ధతి మా ఇంట్లో ఎప్పుడూ మారలేదు. ఇత్తడి గిన్నెలో నూనె కాగాక ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు. గ్లాసు రవ్వకి రెండు గ్లాసుల నీళ్ళు, ఉప్పు, గుప్పెడు నానిన పెసరపప్పు. నీళ్ళు తెర్లాక రవ్వ పోసి, కట్టెలు వెనక్కి లాగేసి, మూత మీద కూడా నాలుగు నిప్పులు వేసి మగ్గనిచ్చేది. "ఊరికే మూత తియ్యకే, ఆవిరి పోతే పలుకవుతుంది" అని నాన్నమ్మ వాకిట్లోంచే కేకేసేది. అడుగున ఎర్రగా కట్టిన చెక్కు కోసం నేనూ మా తమ్ముళ్ళూ ముందే వంతులు వేసుకునేవాళ్ళం. నంజుకోవడానికి చింతకాయ పచ్చడి. ఒంటిపూట నాన్నమ్మదే అయినా గిన్నెడు చేసేవాళ్ళు, ఆ వంక పెట్టుకుని అందరం తినేవాళ్ళం.

భాద్రపదం వచ్చి వినాయకచవితి అయితే అదే రవ్వ ఉండ్రాళ్ళయ్యేది. తాళింపులో జీలకర్ర మాత్రమే, పెసరపప్పు బదులు శనగపప్పు. ఉడికాక నెయ్యి చెయ్యి చేసుకుని ఉండలు చుట్టి, మళ్ళీ ఆవిరి మీద పెట్టాలి. ఆ రెండో ఆవిరి, ఆ ఉండలు చుట్టే ఓపిక, ఇవే శనివారపు ఫలహారాన్ని స్వామి నైవేద్యంగా మార్చేవి.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మా తరం వాళ్ళెవరూ మరిచిపోరు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. గట్లు తెగి ఊళ్ళు మునిగాయి. మేం బడి మేడ మీద తలదాచుకున్నాం. నీళ్ళు తీశాక ఇంటికొస్తే గదుల్లో అడుగు మందాన ఒండ్రు. అరలో మినుములూ పెసలూ నాని మొలకలెత్తి కంపు కొడుతున్నాయి. బెల్లం బుట్టలో బెల్లం లేదు, బుట్ట ఉంది. నాట్లు వేసిన చేలు కుళ్ళిపోయాయి. అటక మీదికి ఎక్కించిన రెండు జాడీలు మాత్రం దక్కాయి. సాయంగా పంచిన బియ్యంతో, ఆ జాడీల్లోని ఆవకాయతో రోజులు గడిచాయి. అంతకు ముందు మూడేళ్ళ నాడు, 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం విలువ మా ఇంటికి ఆ నెలల్లో తెలిసింది. రేషన్ షాపు ముందు సంచి పట్టుకుని నిలబడడం నాన్నకి అదే మొదటిసారి.

ఆ మరుసటి నెలలోనే చవితి. ఈసారి పండగ వద్దులెమ్మని అమ్మ అంది. నాన్నమ్మ ఒప్పుకోలేదు. "మనతో పాటు ఆయనా మునిగాడు కదే. మనింట్లో ఏముందో ఆయనకి తెలీదా?" అంది. సాయం బియ్యంలోంచి రెండు గ్లాసులు తీసి కడిగి, నీడన ఆరబెట్టి, తిరగట్లో పలుకుగా విసిరింది. శనగపప్పు లేదు. కొబ్బరిచెట్లు వరదకి చలించలేదు కనుక కొబ్బరికాయ ఉంది. పప్పు బదులు కొబ్బరికోరు వేసింది. జీలకర్ర చిటికెడు పక్కింటి పిన్ని ఇచ్చింది. చిన్నాన్న గుమ్మం ముందు మేట వేసిన ఒండ్రుతోనే బొమ్మ చేశాడు. ఆకులకి పట్టిన బురద కడుక్కుంటూ పత్రి కోసుకొచ్చాం. ఆరోజు మా వీధిలో ప్రతి ఇంట్లోనూ ఉండ్రాళ్ళు ఉడికాయి, ఒక్కో ఇంట్లో ఒక్కోలా. ఒకరింట్లో పప్పు లేదు, ఒకరింట్లో తాళింపు లేదు. పిల్లలం అన్ని ఇళ్ళకీ తిరిగి అన్నీ తిన్నాం. మా అమ్మ ఆ నెలలో మొదటిసారి నవ్వడం ఆ సాయంత్రమే చూశాను. ఆ పండగ ఖర్చు ఎంతని లెక్కవేస్తే దాదాపు ఏమీ లేదు. దాన్ని నిలబెట్టింది నాన్నమ్మ మొండితనం, ఆమె తిరగలి పిడి పట్టిన చెయ్యి.

ఆ చెయ్యి గురించే చెప్పాలని ఇదంతా రాస్తున్నాను. సంక్రాంతి అరిసెల సంగతి తీసుకోండి. కొత్తధాన్యం ఇంటికొచ్చి, కొత్తబెల్లం బజారుకొచ్చే రోజులు కనుక రెండూ చేతికందేవి. నూనెకి ఇబ్బంది లేకుండా రేషన్లో వచ్చిన పామాయిల్ అమ్మ కొంతకాలం ముందు నుంచే కొద్దికొద్దిగా దాచేది. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం చాలు. బియ్యం ఒక రాత్రీ పగలూ నానాలి. వార్చి, తడి ఆరకముందే దంచాలి. రోటి చుట్టూ ఇద్దరు నిలబడి రోకళ్ళు మార్చి మార్చి వేస్తుంటే ఇంకొకరు జల్లెడ పట్టేవాళ్ళు. పాకం చుక్క పళ్ళెంలో నీళ్ళలో వేస్తే ఉండకట్టాలి, వేలికి మెత్తగా తగలాలి. ఒక్క క్షణం దాటితే అరిసె రాయవుతుంది, ముందే దించితే నూనెలో విడిపోతుంది. ఆ క్షణం నాన్నమ్మకి తెలుసు. "దించండ్రా" అనగానే పిండి పోసి తెడ్డుతో తిప్పడానికి చిన్నాన్న వచ్చేవాడు, అది బలమున్న పని. ఆకు మీద తట్టేది మేనత్త, వేయించేది అమ్మ, చెక్కల మధ్య నూనె నొక్కేది మళ్ళీ చిన్నాన్న, గడ్డి పరిచిన చోట ఆరబెట్టేది పిల్లలం. దంపుడుకి వచ్చిన ఇరుగుపొరుగు వాళ్ళకి కూలి లేదు. ఇవాళ వాళ్ళు మా రోటి దగ్గర, రేపు అమ్మ వాళ్ళ రోటి దగ్గర. మొదటి వాయి వాళ్ళ పిల్లలకి, రెండోది దేవుడికి.

అంతా అయ్యాక ఆడవాళ్ళు భోజనానికి కూర్చునేసరికి పొద్దు వాలేది. అప్పటికి పులుసులో ముక్కలుండేవి కావు. గారెలు వేసిన రోజున అమ్మ పళ్ళెంలో గారె చూసిన గుర్తు నాకు లేదు. మడమలు పగిలి, చేతులు బొబ్బలెక్కి, కనుమ మర్నాడు ఒళ్ళు నొప్పులతో పడుకుంటే అది కూడా పండగలో భాగమే అనుకున్నారు అందరూ. మన పండగలు చవకగా గడిచాయంటే, ఆ చాకిరీకి ఎవరూ ఖరీదు కట్టకపోవడం వల్లనే గడిచాయి. నూకలకీ బెల్లానికీ ఉన్న గౌరవం దంచిన చేతులకి ఇవ్వలేదు. అన్ని రుచులూ గుర్తున్న నేను ఈ సంగతి వదిలేసి రాస్తే అమ్మకి అన్యాయం చేసినదాన్నవుతాను.

ఇప్పుడు హైదరాబాదులో పండగొస్తే అరిసెలు డబ్బాల్లో దొరుకుతాయి. మా గోదావరి పక్క ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటి సరుకేమిటని చూస్తే పల్చగా రుబ్బిన బియ్యప్పిండి నీళ్ళు, బెల్లమో పంచదారో, నెయ్యి. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, తడిపిన గుడ్డతో ఒక్క విసురున ఆ నీళ్ళు పరిచి, ఆరిన పొరని చిరగకుండా లేపే నేర్పుకే మనం డబ్బిస్తున్నాం. ఇవ్వాల్సిందే. ఒకప్పుడు ఎడ్లకి ఉడికించిన ఉలవల నీళ్ళు చిక్కగా మరిగిస్తే వచ్చిన ఉలవచారు ఇవాళ పెళ్ళిళ్ళలో మీగడతో వడ్డిస్తున్నారు. ఆ గంటల మరుగుకి, కనిపెట్టుకుని కూర్చున్న మనిషికి ధర పలుకుతోంది. చాకిరీకి విలువ ఉందని బజారు ఒప్పుకుంది. ఇల్లు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

నెల జీతంతో ఇల్లు గడుపుకునే ఎంతోమంది నన్ను అడుగుతుంటారు, పండగ చేసుకోవాలంటే భయంగా ఉందని, ఖర్చు ఎక్కడా తేలడం లేదని. నేను చెప్పేది ఒకటే. సరుకుల చీటీలో తగ్గించడానికి పెద్దగా ఏమీ లేదు. మన పెద్దలు ఎప్పుడో తగ్గించి ఇచ్చారు. పది రకాలు పెట్టుకోకండి. పప్పు, పులుసు, ఒక పచ్చడి, ఒక తీపి, పెరుగు. నవమికి పానకం చాలు. శ్రావణానికి శనగలు చాలు. అట్లతద్దెకి చద్దన్నం చాలు. చవితికి గ్లాసు రవ్వ, రెండు గ్లాసుల నీళ్ళు, గుప్పెడు శనగపప్పు, చెంచాడు జీలకర్ర. మిగతాదంతా పని. ఆ పని పంచుకుంటే నలుగురికీ అరగంట, ఒక్కరి మీద వేస్తే పూటంతా. కనుక ఈ చవితికి రవ్వ ఉడకగానే ఇంట్లో అందర్నీ పళ్ళెం చుట్టూ కూర్చోబెట్టి ఉండలు చుట్టించండి. మగపిల్లలతో మొదలుపెట్టండి.